దిండు నిక్కరుతో మొగల్తూరుకి

కొవ్వూరు నుంచి మొగల్తూరుకి సైకిలు మీద వెళ్తున్నానని చెబితే మా స్కూలు స్టాఫ్ రూములో అందరూ ఒకటే అడిగారు. ఎందుకండీ అని. నిజమే. బస్సుంది, నిడదవోలు వెళితే నరసాపురం రైలుంది, మా ఆయన మోటారు సైకిలుంది. పాతికేళ్ళుగా ఇవన్నీ మార్చి మార్చి ఎక్కి అత్తవారింటికి వెళ్ళినదాన్నే. కిటికీలోంచి కాలువ కనబడగానే సంబరపడి మెడ తిప్పేలోగా అది వెనక్కి వెళ్ళిపోయేది. ఈసారి కాలువ నా పక్కన నడవాలి, నేను ఆగినచోట ఆగాలి అనిపించింది.

సైకిలు నాకు షుగరు పుణ్యమా అని వచ్చింది. డాక్టరు గారు నడవమన్నారు. నడక నాకు విసుగు. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళాక గోడకు ఆనించి ఉన్న సైకిలు దుమ్ము దులిపి పొద్దున్నే గోదావరి గట్టు ఎక్కాను. బడికీ వంటింటికీ మధ్య నాదంటూ ఒక గంట దొరకడం అదే మొదలు. అప్పటినుంచి ఆ గంట ఎవరడిగినా ఇవ్వడం లేదు.

మొగల్తూరులో మా అత్తయ్యకి శుక్లాల ఆపరేషను జరిగి చూపు బాగా వచ్చింది. దేవుడికి కృతజ్ఞత కూటం పెట్టుకుంటానంది. డిసెంబరు రెండో శనివారం, ఉదయం పదకొండు గంటలకి. అందులో బైబిలు వాక్యం చదివేది నేనేనని ఎవర్నీ అడక్కుండానే ఊరంతా చెప్పేసింది. అమ్మ లేని నాకు పెళ్ళయిన నాటినుంచి అమ్మ ఆవిడే. ఆవిడ కళ్ళు బాగైన సంబరంలో ఆవిడ పక్కన నేను లేకపోవడమన్న మాటే లేదు. సైకిలు మీద వస్తానని ఫోనులో చెప్పాను.

"సైకిలు మీద వస్తావో పడవ మీద వస్తావో నీ ఇష్టం అమ్మాయ్," అంది. "నా గుమ్మంలోకి మాత్రం చీరతో రా. అయ్యగారు వస్తారు, సంఘమంతా వస్తుంది. ఆ ప్యాంటుతో వచ్చావనుకో, కూటం అయ్యేదాకా రోడ్డు మీదే ఉందువుగాని. ఇప్పుడు నాకు బాగా కనబడుతుంది, గుర్తుపెట్టుకో."

అయ్యగారంటే మా చర్చి పాస్టరు గారు. అత్తయ్య మాటంటే మాటే. ఒకసారి ఆలస్యంగా వచ్చాడని సొంత తమ్ముణ్ణే ప్రార్థన అయ్యేదాకా అరుగు మీద కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. వాక్యం ఎవరైనా చదువుతారు, నా కుర్చీలో ఎవరైనా కూర్చుంటారు. ఆ ఎవరైనా నేను కాకపోతే మాత్రం నేను తట్టుకోలేను.

అయితే చీర కట్టుకునే సైకిలు తొక్కొచ్చు కదా అంటారేమో. తొక్కి చూశాను. మా చిన్నప్పుడు నర్సమ్మలు చీరలతోనే తొక్కేవారు గానీ వాళ్ళ సైకిళ్ళకి చైను మీద డబ్బా, వెనక చక్రానికి జాలీ ఉండేవి. మా అమ్మాయి సైకిలుకి ఆ రెండూ లేవు. మొదటి వారమే గోష్పాదం రేవు దగ్గర కుచ్చిళ్ళు చైనులో పడి, స్నానాలకొచ్చిన జనమంతా చూస్తుండగా నేనూ సైకిలూ కలిసి ఒక పక్కకి ఒరిగాం. తర్వాత పంజాబీ డ్రెస్సు. దాని ప్యాంటు అంచుని చైను నమిలి నల్లగా చేసి వదిలేది. కూరల కట్టకి వచ్చే రబ్బరు బ్యాండు వేస్తే అంచు ఆగింది గానీ చున్నీ ఆగలేదు. ఒకరోజు చున్నీ కొస వెనక చక్రంలో చుట్టుకుని మెడ బిగిసింది. ఇది చదివి ఎవరైనా బయలుదేరదామనుకుంటే నా మాట ఒక్కటి వినండి, చున్నీ ఇంట్లో వదిలేయండి. మిగతావన్నీ అవస్థలు, అది ప్రమాదం.

ఆ తర్వాత లెగ్గింగు. పది కిలోమీటర్లు దాటాక దాని మధ్య కుట్టు ఎక్కడుందో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. దాని మీద మోకాళ్ళు దాటిన కుర్తా వేసుకుంటే, దిగేటప్పుడు ముందు భాగం సీటు ముక్కుకి తగులుకుని మిఠాయి కొట్టు ముందు ఒంటికాలి మీద గెంతాను.

ఈ వేషాలన్నీ చూసి నవ్వినావిడే నాకు తోడు దొరికింది. మా వీధిలోనే ఉంటారు, మహాలక్ష్మి గారని, బ్యాంకులో క్లర్కు. నవ్విన పాపానికి తనూ ఒక సైకిలు కొనుక్కుని గట్టెక్కారు. సీటు నొప్పికి మందు కనిపెట్టింది ఆవిడే. ఫోనులో వెతికి, కూర్చునే చోట మెత్తటి ప్యాడ్ కుట్టిన నిక్కర్లు ఇద్దరికీ తెప్పించి, వాటికి దిండు నిక్కరని పేరు కూడా పెట్టారు. దాని కింద లోదుస్తులేమీ వేసుకోకూడదనీ, వేసుకుంటే వాటి కుట్లే ఒరుసుకుంటాయనీ అట్టపెట్టె మీద రాసి ఉంది. లక్ష్మి గారు అది చదివి పెట్టె బోర్లించేశారు.

"టీచరు గారూ, ఈ ముక్క మాత్రం మీ అత్తగారి చెవిన పడకూడదండోయ్," అన్నారు. చచ్చినా చెప్పనని నేనూ, తనూ చెప్పనని ఆవిడా ఒట్టేసుకున్నాం.

నిక్కరు మీదకి ఒంటికి అతుక్కోని సాగే ప్యాంటు, చీలమండ దగ్గర సన్నగా ఉండేది, బజారులోనే దొరికింది. పై కుర్తాలు మాత్రం కుట్టించుకోవాల్సిందే. లక్ష్మి గారితో వెళ్ళి ఇద్దరికీ ఎలా కుట్టాలో మా టైలరు సత్తిబాబుకి విడమరచి చెప్పాను. మోకాలికి పైకే ఆగాలి, పక్క చీలికలు తుంటి దాకా ఉండాలి, ఎండకి పొడుగు చేతులు, వంగితే లాగకుండా వీపు కాస్త వదులు, వీపు కింద ఒక జేబు. ఎందుకింత వదులని అడిగితే, లోపల ప్యాడ్ ఉంటుందయ్యా అన్నాను. వారం తర్వాత కుర్తా తొడుక్కుంటే రెండు భుజాలూ చెవుల దాకా లేచాయి.

"ప్యాడ్ అన్నారు కదండి, పెట్టేశాను. లుక్కు అదిరింది మేడం," అన్నాడు సత్తిబాబు. అది ఎక్కడ ఉండాల్సిందో మగాడికి చెప్పలేక, నవ్వాపుకోలేక, భుజాలవి విప్పించుకుని వచ్చాం.

ఏర్పాటు ఇదీ. దారంతా సత్తిబాబు కుట్టిన కుర్తాల్లో తొక్కుతాం. తెల్ల చీరలూ జాకెట్లూ లంగాలూ ఒక బట్టల కొట్టు కవరులో పెట్టి నా క్యారియరుకి కట్టుకుంటాం. నరసాపురం స్టేషను వెయిటింగు రూములో మార్చుకుని, చివరి పది కిలోమీటర్లూ ఆటోలో సైకిళ్ళు వేసుకుని, అత్తయ్య గుమ్మంలో చీరతో దిగుతాం. మా ఆయన ముందురోజే ట్రాలీ ఆటోలో టెంటు సామాను తీసుకుని మొగల్తూరు వెళ్ళిపోయారు.

శుక్రవారం సెలవు పెట్టి తెల్లవారకుండానే బయలుదేరాం. లక్ష్మి గారు నల్లపూసలు కుర్తా లోపలికి తోసి, జడ ముడివేసి, హెల్మెట్టు కింద కనకాంబరాలు కూడా పెట్టుకొచ్చారు. విజ్జేశ్వరం దగ్గరికి వచ్చేసరికి మంచు పలచబడి ఆనకట్ట తలుపులు ఒక్కొక్కటే కనబడ్డాయి. ఆగాం. ఎవరూ హారను కొట్టలేదు, ఎవరూ కదలమనలేదు. అంత సంతోషం వేసి నేను గట్టిగా నవ్వేశాను. ఎందుకు నవ్వుతున్నారని కూడా లక్ష్మి గారు అడగలేదు, తనూ నవ్వారు.

గట్టు మీద పాల క్యాన్లతో ఎదురొచ్చిన పెద్దాయన సైకిలు దిగి మరీ పలకరించారు. "ఏ ఊరండి తల్లీ?"

"కొవ్వూరండి. మొగల్తూరు వెళ్తున్నామండి."

ఆయన మా ఇద్దర్నీ, సైకిళ్ళనీ, హెల్మెట్లనీ చూసి జాలిపడ్డారు. "ఆయ్, ఈయేళ బస్సులేవన్నా ఆపేశారాండి?"

గట్టు కింద పాక హోటల్లో పెసరట్టు తిన్నాం. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు టిఫిను ఇక్కడే కానివ్వడం మంచిది, తర్వాత చాలాసేపు అరటి తోటలు తప్ప హోటళ్ళుండవు. తొమ్మిదికల్లా ఎండెక్కింది. ఉత్తరపు గాలి వీపు మీద ఉండటంతో సైకిలు దానంతటదే వెళ్తున్నట్టుంది. పొడుగు చేతులు, మెడకి చిన్న నూలు రుమాలు ఉన్నాయి కనక చర్మం కాలలేదు. చెమట పట్టినా వీపు వదులుగా ఉండబట్టి గాలికి ఆరిపోయేది. సత్తిబాబుని మనసులో దీవించాను.

సిద్ధాంతం దాటాక సార్వా కోతలైపోయి రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. మాకు మిగిలింది సైకిలు పట్టేంత దారే. ఆరుగురు ఆడవాళ్ళు కాళ్ళతో ధాన్యాన్ని తిరగేస్తున్నారు. అందరూ చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు తొడిగి బొత్తాలు పెట్టుకున్నారు, తలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. ధాన్యం నుసి ఒంటి మీద పడితే దురద, అందుకని. దిగి సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్తుంటే ఒకావిడ నా కుర్తా చేతిని పట్టుకుని చూసింది.

"మీ ఆయనదాండి?"

"కాదమ్మా, నాదే, కుట్టించుకున్నాను. మరి నీది?"

"మా ఆయనదేనండి. కొత్తది. పాతది ఆయనేసుకున్నాడు," అందావిడ, అందరూ గొల్లున నవ్వారు. జేబుందా అని ఇంకొకావిడ అడిగింది. వెనక్కి తిరిగి చూపించాను. తనూ జేబులోంచి ఫోను తీసి ఊపి చూపించింది. "జేబుంటే మారాణీవేనండి," అంది. బొడ్లో దోపుకోవడం, జాకెట్లో దాచుకోవడం తప్ప ఎరగని బతుకులు మావి. ఆ మాటకి అందరం కలిసి నవ్వుకున్నాం. లక్ష్మి గారి జేబులోని వేరుశనగ ఉండలు అక్కడే ఖాళీ అయ్యాయి.

మార్టేరులో భోజనం చేసి కాసేపు కునుకు తీశాం. అక్కడినుంచి కాలువ పక్కనే దారి. నేను కోరుకున్న కాలువ అదే. గుర్రపుడెక్క అల్లుకున్నచోట పచ్చగా, లేనిచోట ఆకాశం రంగులో ఉంది. క్రిస్మసుకి అప్పుడే కొన్ని ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రాలు కట్టారు. కాలువ గట్టున బట్టలుతుకుతున్న అమ్మాయిలు చేతులూపితే మేమూ ఊపాం. సుమారు డెబ్భై కిలోమీటర్లు తొక్కి నాలుగు గంటలకు పాలకొల్లు చేరేసరికి కాళ్ళు పీకాయి గానీ కూర్చునే చోట నొప్పన్న మాటే లేదు.

పాలకొల్లులో లక్ష్మి గారి పిన్ని గారింట్లో బస. ఆవిడ మమ్మల్ని చూసి ముందు దిష్టి తీసి, తర్వాత లోపలికి రానిచ్చారు. స్నానాలయ్యాక దిండు నిక్కర్లు ఉతికి పిండి ఫాను కింద ఆరేశాం. ఎండలో ఆరినట్టు ఆరవు, అందుకే సాయంత్రమే ఆ పని చేసుకోవాలి. చెమట నిక్కరు రెండోరోజు వేసుకుంటే ఒరుసుకుపోతుంది. ఆ రాత్రి పులస కబుర్లతో బొమ్మిడాయిల పులుసు తిని ఒళ్ళెరగకుండా నిద్రపోయాం.

పొద్దున్నే బయలుదేరదామంటే పిన్ని గారు దిబ్బరొట్టె తినందే కదలనివ్వలేదు. తిన్నాక ఇద్దరికీ బొట్టు పెట్టబోయి, నా వంక చూసి ఆగారు. "మీరు పెట్టుకోరు కదమ్మా. జాకెట్టు ముక్క తీసుకోవచ్చా?" అనడిగారు. దానికేం అభ్యంతరం లేదన్నాను. ఆడవాళ్ళని ఉత్తచేతులతో పంపడం ఆవిడ ఇంటా వంటా లేదు. జాకెట్టు ముక్కలూ, సున్నుండలూ పెట్టిన కవరు తనే స్వయంగా నా క్యారియరుకి తాడుతో కట్టేశారు. మా కవరు లక్ష్మి గారు తీసుకున్నారని నేననుకున్నాను. క్యారియరు మీద ఉన్నది మా కవరేనని లక్ష్మి గారనుకున్నారు. పాలకొల్లులోనూ కొవ్వూరులోనూ ఉన్న ఒకే బట్టల కొట్టు కవర్లు అవి రెండూ.

తొమ్మిదిన్నరకి నరసాపురం స్టేషను వెయిటింగు రూములో కవరు విప్పాం. పైన సున్నుండలు. కింద ఒక ఆకుపచ్చ జాకెట్టు ముక్క, ఒక వంకాయ రంగు జాకెట్టు ముక్క. చీరలు లేవు.

పిన్ని గారికి ఫోను చేస్తే ఎత్తలేదు, పూజలో కూర్చుని ఉంటారన్నారు లక్ష్మి గారు. వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటే కూటం దాటిపోతుంది. కొత్త చీర కొందామంటే కాసేపట్లో కొట్లు తెరుస్తారు, కానీ జాకెట్టు?

"జాకెట్టు ముక్క ఉందిగానీ జాకెట్టు లేదు. అరగంటలో ఎవరు కుట్టి ఇస్తారండీ?" అన్నాను.

"కుర్తా మీదే చీర కట్టేస్తేనో?"

"అలా చూస్తే మా అత్తయ్య మళ్ళీ ఆపరేషను చేయించుకోవాలి."

ఆ మాటన్నాను గానీ నాకు ఏడుపొచ్చింది. పాతికేళ్ళలో ఒక్క కూటం తప్పలేదు. రోడ్డు మీద నిలబడి లోపలి పాటలు వినడం నావల్ల కాదు. మా ఆయనకి ఫోను చేశాను. అమ్మ చీర ఒకటి తీసి ఉంచుతాననీ, పెరటి వైపు నుంచి వచ్చి మార్చుకోమనీ ఆయనన్నారు. అత్తయ్య జాకెట్టులో నాలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు. అయినా పిన్నులు పెట్టి బిగిద్దాంలే అనుకున్నాం.

లక్ష్మి గారు హెల్మెట్టు పెట్టుకున్నారు. "ఇంక ఆటో ఎందుకండీ, మార్చుకునేది అక్కడేగా. తొక్కేద్దాం పదండి. మహా అయితే రోడ్డు మీద నిలబెడతారు. నిలబడి సున్నుండలు తిందాం."

ఇంత మంచి మనిషి తోడుంటే ఏడవడం కూడా కుదరదు. తొక్కాం. మొగల్తూరు దారంతా రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే ఫాన్లు నీళ్ళు చిమ్ముతున్నాయి, సముద్రపు గాలి ఎదురుగా ఉప్పుగా తగులుతోంది. బాధలో తొక్కినా సరే చెప్పాలి, ఆ పది కిలోమీటర్లూ మొత్తం ప్రయాణంలో అందమైనవి.

పెరటి దారిలో తిరిగేసరికి అక్కడ పొయ్యిలు, వాటి మీద బిర్యానీ గుండిగలు, వంటవాళ్ళు. చీమ దూరే సందు లేదు. "ముందు నుంచి వెళ్ళండమ్మా, దమ్ము మీదుంది," అన్నాడు వంటాయన. చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, సైకిళ్ళు ఆపి, టెంటులోకి తలపెట్టి మా ఆయన ఎక్కడున్నారా అని చూస్తున్నాం. సరిగ్గా అప్పుడే అయ్యగారు లేచి నిలబడ్డారు.

"ప్రార్థన చేసుకుందాం. తలలు వంచండి."

కూటంలోని ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కొంగులు తలమీదకి లాక్కున్నారు. మాలో ప్రార్థన అనగానే ఆడవాళ్ళ చెయ్యి భుజం మీది కొంగు కోసం వెళ్తుంది, ఆలోచించి చేసే పని కాదు. నా చెయ్యీ వెళ్ళింది. అక్కడ కొంగు లేదు, చున్నీ లేదు, కుర్తా భుజం ఉంది. తలమీద ముసుగు లేకుండా ప్రార్థనలో ఉండటం నాకు రాదు. చెయ్యి అలాగే పైకి వెళ్ళి హెల్మెట్టుకి తగిలింది. తీయబోతున్నదాన్ని ఆగాను. తల కప్పే ఉంది కదా! అలాగే వంచాను.

లక్ష్మి గారు అందర్నీ చూశారు, నన్ను చూశారు. అప్పటికే విప్పుకున్న హెల్మెట్టు మళ్ళీ తలమీద బోర్లించుకుని బెల్టు పెట్టుకున్నారు. అంత నిశ్శబ్దంలో టక్కుమంది.

అయ్యగారి ప్రార్థన పొడుగు. నేను మధ్యలో ఒక కన్ను తెరిచి చూశాను. ముందు వరసలో అత్తయ్య, ఆపరేషనైన కళ్ళతో, నా వైపే చూస్తోంది. హెల్మెట్టు మీంచి బూట్ల దాకా చూసి, మళ్ళీ హెల్మెట్టు దాకా వచ్చింది. కన్ను మూసేశాను. ఆమేన్ అనేదాకా నాకు ఒక్క మాట వినబడలేదు.

ఆమేన్ అవగానే అత్తయ్య లేచి మా దగ్గరకి వచ్చింది. సంఘమంతా మెడలు తిప్పింది. నా హెల్మెట్టు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూసింది.

"ముసుగైతే వేసుకున్నావు," అంది. "గట్టిదే వేసుకున్నావు."

ముందు అయ్యగారు నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చాను, చీరల కవరు సంగతి అందరిముందూ గడగడా చెప్పేశాను. అత్తయ్య మొత్తం వినకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"ఎండన పడి వచ్చి ఇంకా ఆ కథలెందుకు? నీ కుర్చీ అలాగే ఉంచాను, ఎవర్నీ కూర్చోనివ్వలేదు. రా. అది తీసి కొంగు వేసుకో."

వేసుకోవడానికి కొంగు లేదని గుర్తొచ్చి ఆగింది. లక్ష్మి గారు కవరులోంచి వంకాయ రంగు జాకెట్టు ముక్క తీసి నా తలమీద కప్పారు. పాలకొల్లులో బొట్టు పెట్టి ఇచ్చే జాకెట్టు ముక్క, మొగల్తూరు కూటంలో నాకు ముసుగైంది. దాంతోనే, సత్తిబాబు కుర్తాతోనే, అత్తయ్య పక్కన నిలబడి వాక్యం చదివాను.

భోజనాల దగ్గర ఆడవాళ్ళంతా మా చుట్టూ చేరారు. జేబు ఎంత లోతు, గుడ్డ ఎన్ని మీటర్లు, చీలిక అంత పైదాకా ఉంటే గాలికి లేవదా అని. పాస్టరు గారి భార్యని మేం అమ్మగారంటాం. ఆవిడ లక్ష్మి గారిని పక్కకి తీసుకెళ్ళి చాలాసేపు గుసగుసగా మాట్లాడారు. సాయంత్రానికి పిన్ని గారు చీరల కవరు ఎవరిచేతో పంపించారు. మర్నాడు ఆదివారం ఆ తెల్ల చీరే కట్టుకుని అత్తయ్యతో చర్చికి వెళ్ళాను. చెక్క బల్లలు. ప్రసంగం గంటన్నర. అత్తయ్య అటు ఒరిగింది, ఇటు ఒరిగింది, కొంగు మడతపెట్టి కింద వేసుకుంది. ఇంటికొచ్చాక పెరట్లో తీగమీద ఆరుతున్న దిండు నిక్కరు దగ్గర ఆగి, ఎవరూ చూడటం లేదనుకుని ఆ మెత్తదనం బొటనవేలితో నొక్కి చూసింది. నేను చూడనట్టే ఉన్నాను.

మధ్యాహ్నం సైకిళ్ళు రెండూ టెంటు సామానుతో పాటు ట్రాలీ ఆటోలో ఎక్కాయి. దాంట్లో ముందు సీటు మా ఆయనకే సరిపోతుంది. మేమిద్దరం నరసాపురంలో నిడదవోలు వెళ్ళే రైలెక్కాం. ఆదివారం కదా, ఖాళీగానే ఉంది. మా ఎదురు సీటు ముసలావిడకి సున్నుండ ఇస్తే, హెల్మెట్లు చూసి, "ఏం ఉద్యోగమమ్మా మీది?" అనడిగింది. సైకిలు తొక్కుతాం అన్నారు లక్ష్మి గారు. జీతం బాగానే ఇస్తారా అంది ముసలావిడ.

పాలకొల్లు చేరేలోగా కాలువ కిటికీలోకి వచ్చింది. పాతికేళ్ళుగా చూసినట్టే వెనక్కి వెళ్ళిపోయింది. ఈసారి నాకు మెడ తిప్పాలనిపించలేదు. ఏ రేవు మెట్ల దగ్గర ఆగి నీళ్ళు తాగామో, ఏ వంతెన దగ్గర లక్ష్మి గారు పాట అందుకున్నారో నాకు తెలుసు. ఆడవాళ్ళకి ఏ బట్టలు సుఖమని ఇకనుంచి ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది. దిగాక కూడా నవ్వే ఓపిక మిగిల్చేవి.

భీమవరం స్టేషనులో ఫోను మోగింది. అత్తయ్య.

"అమ్మాయ్, ఎవరూ లేరుగా పక్కన?"

"లేరత్తయ్యా," అన్నాను. లక్ష్మి గారు చెవి ఫోనుకి ఆనించారు.

"ఆ మెత్త నిక్కరు లేదూ. నాకొకటి తెప్పించు."

"సైకిలు నేర్చుకుంటారా అత్తయ్యా?"

"సైకిలెవరిక్కావాలే! చర్చి బల్లకి. నలుపు వద్దు, తెల్ల చీరలోంచి కనబడుతుంది. గోధుమ రంగుంటే చూడు. లేకపోతే మీ టైలరు చేత కుట్టించు."

"సత్తిబాబుకి ప్యాడ్ ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి టీచరు గారూ," అని లక్ష్మి గారు గొణిగారు. నవ్వాపుకుని సరేనన్నాను. అత్తయ్య ఫోను పెట్టెయ్యలేదు. గొంతు ఇంకా తగ్గించింది.

"అవునూ, దాని కింద ఇంకేమీ వేసుకోకూడదటగా? అమ్మగారు చెప్పారు."

నేను లక్ష్మి గారి వైపు చూశాను. ఆవిడ హెల్మెట్టు ఒళ్ళోంచి తీసి తలమీద పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి ప్రార్థన చేసుకుంటున్నారు.